గొట్టం మీద రాత

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మా అమ్మమ్మగారింటి అటక ఖాళీ చేసినప్పుడు, 2011లో, ఒక రేకు ట్రంకు పెట్టె అడుగున చెదలు తినగా మిగిలిన కాగితాల కట్ట దొరికింది. మా తాతయ్య ఈ చుట్టుపక్కల ఒక చిన్న ఎస్టేటులో గుమాస్తాగా చేశారు. ఏ ఎస్టేటో పేరు రాయను, ఆ కుటుంబం వాళ్లు ఇంకా ఉన్నారు. కట్టలో ఒక కాగితం 1934 నాటిది, దివాణంలోని ఆయుధాల జాబితా, అంతా గొలుసుకట్టు రాత, అక్షరాలన్నీ ఒకదానికొకటి కలిపి రాసే పాత పద్ధతి. గొలుసుకట్టు చదవడం నాకు రాదు. మా వీధి చివర ఉండే ఎనభై ఏళ్ల మాస్టారి దగ్గరికి పట్టుకెళితే ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, ఒక్కో వరుస కింద వేలు జరుపుకుంటూ చదివారు. బల్లేలు ఇన్ని, కత్తులు ఇన్ని, నాటు తుపాకులు ఇన్ని. ఏడో వరుస దగ్గర ఆగి నా మొహం చూశారు.

"పిస్తోలు 1. కురచది. గొట్టం మీద రాత. మీట విరిగినది. మరమ్మతుకు గుమాస్తా వద్ద."

ఆ పిస్తోలు మా ఇంట్లోనే ఉంది. విరిగిన మీట అలాగే ఉంది. గొట్టం మీద మాత్రం ఏ రాతా లేదు. ఎందుకు లేదో నాకు బాగా తెలుసు. 1998లో, డిగ్రీ చదివే రోజుల్లో, దాన్ని గుడ్డలో చుట్టి బ్రహ్మపురం తీసుకెళ్లి ఇత్తడి సామాన్లకి మెరుగు పెట్టే ఒక దుకాణంలో ఇచ్చింది నేనే. బఫింగ్ మిషన్ మీద పావుగంట పట్టారు. నలభై రూపాయలిచ్చాను. తుప్పంతా పోయి అద్దంలా మెరుస్తుంటే ఇంటికొచ్చి అందరికీ చూపించాను, అందరూ మెచ్చుకున్నారు. తుప్పుతో పాటు ఏం పోయిందో పదమూడేళ్ల తర్వాత మాస్టారి అరుగు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఏ భాషలో ఉందో ఆ రాత, తయారుచేసినవాడి పేరో, ఇచ్చినవాడి పేరో, ఊరి పేరో, ఇక ఎవరూ చెప్పలేరు.

అప్పటినుంచి పాత పిస్తోళ్ల విషయంలో నాది ఒకటే మాట, మా స్నేహితులు విని విని విసిగిపోయిన మాట. పిస్తోలు కన్నా ముందు కాగితం దాచండి. అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే మీ దగ్గరున్నది అరకిలో ఇనుమూ ఇంత చెక్కా. మన ఇళ్లలో జరుగుతున్నది సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. ఇనుముని బీరువాలో పెడుతున్నాం, కాగితాన్ని పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేస్తున్నాం.

ఇది నా ఒక్కడి వెర్రి అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. అమెరికాలో బిల్లీ ది కిడ్ అనే బందిపోటుని 1881లో పాట్ గారెట్ అనే షెరీఫ్ కాల్చి చంపాడు. అతను కాల్చిన కోల్ట్ కంపెనీ రివాల్వర్ 2021 ఆగస్టులో వేలంలో 60 లక్షల డాలర్లకి పైగా పలికింది. అదే మోడలు, అదే వయసు, చరిత్ర తెలియనిదైతే కొన్ని వేల డాలర్లకి దొరుకుతుంది. తేడా అంతా కాగితాలదే. గారెట్ దగ్గర నుంచి అది ఒక సారా దుకాణం యజమానికి చేరడం, అతను చనిపోయాక గారెట్ భార్య కోర్టుకెళ్లి దాన్ని తిరిగి రాబట్టుకోవడం, ఇదంతా రికార్డుల్లో ఉంది. కోర్టు తగాదా అప్పట్లో ఆ కుటుంబానికి ఎంత తలనొప్పి తెచ్చిందో గానీ, ఆ తుపాకీ ఎవరిదన్న ప్రశ్నకి జవాబు రాతపూర్వకంగా మిగిలింది ఆ తగాదా వల్లే.

డబ్బు సంగతి పక్కన పెడదాం, నాకు డబ్బు మీద ఆసక్తి తక్కువ, పైగా మన దేశంలో వందేళ్లు దాటిన వస్తువుని ఇష్టమొచ్చినట్టు బయటికి పంపి అమ్ముకోవడం కుదరదు. నన్ను కదిలించింది భగత్ సింగ్ పిస్తోలు కథ. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో ఇంగ్లీషు పోలీసు అధికారి సాండర్స్‌ని కాల్చిన .32 కోల్ట్ ఆటోమేటిక్ అది. కేసు రికార్డుల్లో దాని నంబరు రాసి ఉంది, 168896. తర్వాత ఆ పిస్తోలు పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణ కేంద్రానికి చేరింది, 1969లో అక్కడినుంచి ఇండోర్‌లోని బీఎస్‌ఎఫ్ ఆయుధ శిక్షణ కేంద్రానికి వెళ్లింది, అక్కడ మిగతా పాత తుపాకుల మధ్య ఒకటిగా పడి ఉంది. దశాబ్దాల పాటు అది ఎవరిదో అక్కడున్నవాళ్లకే తెలియదు. ఒక పాత్రికేయుడు కాగితాల వెంట పడి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి ఆచూకీ తీసుకుంటూ వెళితే 2016లో దొరికింది. తుప్పు పట్టకుండా తుపాకులకి నల్ల రంగు పూసి ఉంచారట, ఆ రంగు గీకితే కింద నంబరు కనబడింది. ఈ వార్త చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ ఎవరో రంగు పూశారు కాబట్టి అంకెలు బతికాయి. నేను మెరుగు పెట్టించాను కాబట్టి అక్షరాలు పోయాయి.

చూడండి, ఆ పిస్తోలు విషయంలో రెండు వైపులా రాత ఉంది. ఇనుము మీద నంబరు, కాగితం మీద అదే నంబరు. రెండూ కలిసిన చోటే రుజువు పుడుతుంది. ఒక్కటే ఉంటే చాలదు. మా ఇంట్లో కాగితం మిగిలి ఇనుము మీద రాత పోయింది కాబట్టి, ఆ జాబితాలోని పిస్తోలు ఇదేనని నేను కోర్టులో నిలబెట్టలేను. కురచది, మీట విరిగినది, రెండు చోట్లా ఒకే గుమాస్తా, అంతవరకే.

ఇక వస్తువే మాట్లాడే సంగతులు. నిజానికి కొంచెం ఓపిక ఉంటే పిస్తోలు తన కథ చాలావరకు తనే చెబుతుంది. ఇంగ్లండులో తయారైనదైతే గొట్టం పేలుడుని తట్టుకుంటుందా అని పరీక్ష చేసి ముద్ర వేసేవారు. బర్మింగ్‌హామ్‌లో ఆ పరీక్షాలయం 1813లో వచ్చింది, కాబట్టి కిరీటం కింద అడ్డంగా రెండు రాజదండాలూ మధ్యలో బీ, పీ, సీ అక్షరాలూ ఉన్న ముద్ర కనబడితే అంతకు ముందుది కాదని తేలిపోతుంది, ఎవరెంత పాతదని ఒట్టేసినా సరే. బెల్జియంలోని లియేజ్‌లో చేసినవాటికి కోడిగుడ్డు ఆకారం గీతలో ఈ, ఎల్, జీ అక్షరాలుంటాయి. ఈస్టిండియా కంపెనీ పిస్తోళ్ల మీద 1808 తర్వాత నిలబడిన సింహం ఉంటుంది. చెకుముకి రాయితో పేలేదా, చిన్న రాగి టోపీ పెట్టి పేల్చేదా అన్నది చూస్తే ఇంకో పాతికేళ్లు అటో ఇటో తేలుతుంది. మాది రాగి టోపీ రకం. ముద్ర గొట్టం అడుగున, చెక్క కప్పిన చోట ఉండబట్టి బఫింగ్ మిషన్ అక్కడిదాకా పోలేదు, చెక్క విప్పితే బర్మింగ్‌హామ్ ముద్ర కనబడింది. దానికి భూతద్దం పెట్టి చూసిన క్షణం, కిరీటం మీది చుక్కలు కూడా ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, మా తాతయ్య చూడని దాన్ని నేను చూస్తున్నానేమో అనిపించింది.

కానీ ముద్రలు పుట్టిన చోటు చెబుతాయి, పెరిగిన ఇల్లు చెప్పవు. ఈ తేడా చాలామందికి పట్టదు. కోల్ట్ కంపెనీ ఇప్పటికీ తన పాత చిట్టాలు చూసి, ఫలానా నంబరు రివాల్వర్ ఫలానా రోజున ఫలానా దుకాణానికి పంపామని ఉత్తరం రాసిస్తుంది. స్మిత్ అండ్ వెస్సన్‌కీ అలాంటి ఏర్పాటుంది. గొప్ప పనే. అయితే ఆ ఉత్తరం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాతి వందేళ్లు ఎవరి నడుముకి ఉంది, ఎవరి అటక మీద ఉంది అన్నది ఇంటి కాగితాలు, లైసెన్సు పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఆస్తి పంపకాల జాబితాలు చెప్పాలి. పాత ఫోటో కూడా పనికొస్తుంది, వెనక ఎవరైనా తారీకు రాసి ఉంటే.

కాగితం ఉన్నంత మాత్రాన నమ్మేయమని కూడా అనను. ఆరేడేళ్ల క్రితం ఒక నగరంలో ఒక వ్యాపారి నాకు చెకుముకి పిస్తోలు ఒకటి చూపించాడు. 1857 తిరుగుబాటులో వాడినదట, లామినేషన్ చేసిన సర్టిఫికెట్ కూడా ఉంది, ఎర్ర సీలుతో సహా. చెక్క పక్కన స్క్రూ చూశాను. తలమీద ప్లస్ గుర్తు గాడి. అలాంటి స్క్రూలు లోకంలోకి వచ్చిందే 1930లలో. స్క్రూ తర్వాత మార్చారేమో అనుకుందామంటే, చుట్టూ చెక్కలో పాత రంధ్రం జాడ లేదు, గొట్టం లోపల పోత పోసిన గరుకు అలాగే ఉంది. సర్టిఫికెట్‌లో పిస్తోలు కొలత లేదు, ముద్రల ప్రస్తావన లేదు, ఎవరింటి నుంచి ఎప్పుడు కొన్నారో లేదు. కథ మాత్రం పేజీ నిండా ఉంది. నిజమైన పాత కాగితాలకి ఇలాంటి వాక్చాతుర్యం ఉండదు, అవి మా తాతయ్య రాసిన వరుసలాగే ఉంటాయి. కురచది, మీట విరిగినది, అంతే. ఆ కాగితం రాసినవాడికి మనల్ని ఒప్పించాల్సిన అవసరం లేదు, అందుకే దాన్ని నమ్మబుద్ధేస్తుంది.

మా సరిహద్దు వాళ్లకి ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పర్లాకిమిడి 1936 మార్చి 31 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, మర్నాడు ఏప్రిల్ 1న ఒరిస్సాలోకి వచ్చింది. పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో ఉండిపోయి తర్వాత ఆంధ్రలోకి వెళ్లింది. మళ్లీ 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి గజపతి జిల్లా విడిపోయింది. కాబట్టి ఒకే ఇంట్లో ఒకే తుపాకీకి తాతకిచ్చిన లైసెన్సు సంగతి మద్రాసు ఎగ్మోర్ రికార్డుల్లో వెతకాలి, తండ్రిది ఛత్రపురం కలెక్టరేట్‌లో వెతకాలి, పెదనాన్న పాతపట్నంలో స్థిరపడితే ఆయనది శ్రీకాకుళంలో. ఒక చోట ఇంగ్లీషు, ఒక చోట ఒడియా, ఇంట్లో దొరికేది తెలుగు గొలుసుకట్టు. పెద్దగా ఎక్కడికీ కదలకుండానే ఒకే కుటుంబం మూడు రికార్డు గదుల్లోకి చెల్లాచెదురైపోయింది. తెలుగు రాని గుమాస్తాకి తెలుగు కాగితం చిత్తు కాగితం, ఒడియా రాని మనవడికి ఒడియా కాగితం చిత్తు కాగితం. మా ఊళ్లలో పిల్లలిప్పుడు ఒడియా, ఇంగ్లీషుల్లో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాత రాదు. ఇంకో పదిహేనేళ్లు పోతే మా మాస్టారిలా చదివిపెట్టేవాళ్లు ఉండరు. అందుకే ఈ పని ఇప్పుడే చెయ్యాలని నాకింత తొందర.

చంపే పనిముట్టుకి ఇంత సేవా అని మా ఆవిడ అడుగుతుంది, స్నేహితులూ అడుగుతారు. సబబైన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, అది చంపే పనిముట్టు కాబట్టే ఎవరి చేతిలో ఉందో తెలియాలి. చెంబు ఎవరిదో తెలియకపోతే పెద్ద నష్టం లేదు. పిస్తోలుకి చరిత్ర లేకపోతే దానికి ఎవరు పడితే వాళ్లు వీరగాథ అతికిస్తారు, గోడకి తగిలిస్తారు, పిల్లలకి చూపిస్తారు. కాగితం ఉంటే ఆ వీరగాథకి ముకుతాడు పడుతుంది.

టిప్పు సుల్తాన్ ఆయుధాల సంగతే తీసుకోండి. లండన్ వేలాల్లో అవి వచ్చినప్పుడల్లా పక్కన యాజమాన్య చరిత్ర అచ్చేస్తారు, ఫలానా కంపెనీ మేజరు, ఆయన కొడుకు, ఆ తర్వాత ఫలానా ప్రభువు, పొల్లుపోకుండా ఉంటుంది. ఆ చరిత్రలు ఎక్కువగా మొదలయ్యేది ఒకే రోజున, 1799 మే 4న, శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయిన రోజున. ఆ తుపాకుల మీద పులిచారలున్నాయి, టిప్పు వాడిన మౌలూదీ అనే కాలమానంలో సంవత్సరం చెక్కి ఉంది, కొన్నింటి మీద చేసినవాడి పేరుంది. అంటే వస్తువు తన మొదటి యజమాని ఎవరో తన ఒంటిమీదే చెబుతోంది, కాగితం మాత్రం దోచుకున్నవాడితో మొదలవుతుంది. ఆ కాగితం అబద్ధం కాదు. నిజమే, దోపిడీకి రసీదు అది. అలాంటివి చదివేటప్పుడు మొదటి పేరుకి ముందు ఎవరున్నారు అని అడగని సేకర్త నా దృష్టిలో సగం పనే చేసినట్టు.

దీనికి ఎదురుగా మా కొండల అవతలి కథ ఒకటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేశాడు. 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకెళ్లాడు. పట్టుకెళ్లినవి ఏమిటో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లేవాడని చెబుతారు. సర్కారు తుపాకీ తీసుకుంటూ తీసుకున్నానని ఒప్పుకుని రాసిచ్చిన మనిషి. చిన్నప్పుడు అది ధైర్యం అనుకునేవాణ్ణి, ఇప్పుడు దాంతో పాటు ఇంకోటి కూడా కనబడుతోంది. ఆ తుపాకులు తన చేతికి ఎలా వచ్చాయన్నది ఎవరూ వేరేగా చెప్పుకోకుండా చేశాడు.

మా ఇంటి కథ దగ్గరికి వస్తే ఇక్కడే నొప్పి. చిన్నప్పటినుంచి మేం విన్నది ఏమిటంటే, వేటకొచ్చిన ఒక ఇంగ్లీషు దొర మా తాతయ్య చురుకుదనం మెచ్చుకుని ఆ పిస్తోలు బహుమతిగా ఇచ్చాడని. పెళ్లిళ్లలో, సంవత్సరీకాల్లో, ప్రతి చోటా ఈ కథ చెప్పేవారు మా మావయ్య, దొర టోపీ రంగుతో సహా. 1934 జాబితా ప్రకారం అది దివాణం వస్తువు, బాగుచేయించమని గుమాస్తాకి ఇచ్చారు, మళ్లీ తిరిగి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో కాగితం చెప్పదు. మరిచిపోయారేమో, తర్వాత వాళ్లే ఉంచుకోమన్నారేమో, 1936లో రాష్ట్రం మారిన గందరగోళంలో అడిగేవాళ్లు లేకపోయారేమో. ఈ సంగతి మావయ్యకి చెబితే మంచం మీద నుంచి లేచి కూర్చున్నారు.

"ఏటిరా, సచ్చిపోయినోడి మీద దొంగతనం అంటగడతావేటి?"

"దొంగతనం అనలేదు మావయ్యా. తాతయ్య చేతిరాతే అది. ఆయనే రాసుకున్నారు గుమాస్తా వద్ద అని."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితం ఇలాగియ్యి అని తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ అక్షరాలని బొటనవేలితో తడిమారు. తాతయ్య చేతిరాత ఆయన చూసి ముప్ఫై ఏళ్లు దాటింది. దొర కథ చెప్పడం ఆయన మానలేదు గానీ, నా ఎదుట మాత్రం చెప్పరు. నేను కూడా దొర కథని పారేయలేదు. ఫలానా వారు ఫలానా తారీకున ఇలా చెప్పారు అని రాసి ఫైల్లో పెట్టాను. విన్నమాటని విన్నమాటగా రాస్తే దాని విలువ దానికుంటుంది, రుజువు స్థానంలో కూర్చోబెడితేనే చిక్కు.

చట్టం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో ఇలాంటివి భయంతో దాచేస్తున్నారు, కొందరు రాత్రికి రాత్రి చెరువులో పారేస్తున్నారు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ఉంది. కాలం చెల్లిన రకమో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడడానికి వీల్లేనిదైతే ఆ చట్టం దానికి వర్తించదు. కీలకమంతా ఆ చివరి ముక్కలోనే ఉంది. పేలే అవకాశం ఉంటే ఎంత పాతదైనా లైసెన్సు కావాల్సిందే, తాతగారిది అంటే కుదరదు. పేలుతుందో పేలదో మీరూ నేనూ తేల్చుకునేది కాదు. నేను కలెక్టరేట్‌కి అర్జీ పెట్టి, పోలీసుల ఆయుధాల మనిషికి చూపించి, గొట్టం వెనక పగులుందని, మందు అంటుకునే రంధ్రం పూర్తిగా మూసుకుపోయిందని రాతపూర్వకంగా తీసుకున్నాను. నెలల తరబడి తిరిగాను, టెన్షన్ పడ్డాను, ఒకరిద్దరు అనుమానంగా చూశారు. అయినా ఆ కాగితం కూడా ఇప్పుడు పిస్తోలు చరిత్రలో భాగమే. 1972 పురావస్తువుల చట్టం వేరే ఉంది, వందేళ్లు దాటినదాన్ని దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ఎవరైనా తక్కువ ధరకి గుట్టుగా అమ్ముతానంటే కొనకండి. గుట్టుగా వచ్చినదానికి చరిత్ర ఉండదు, ఉంటే గుట్టుగా అమ్మరు.

మీ ఇంట్లో ఉంటే ముందు చేయాల్సింది ఏమీ చేయకపోవడం. తోమొద్దు, చింతపండు వద్దు, బ్రాసో వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. లోపల మందు కూరి ఉండొచ్చు, కాబట్టి గొట్టంలోకి చూడొద్దు, మీట లాగొద్దు, తెలిసినవాళ్లని పిలవండి. నాలుగు వైపులా ఫోటోలు తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయండి, పొంతన లేకపోయినా ఆపకండి. పాత కాగితాల కట్ట ఏ భాషలో ఉన్నా, అర్థం కాకపోయినా, చదివించే దాకా పారేయకండి.

నా ఫైల్లో మొదటి కాగితం 1934 జాబితా నకలు. దాని కింద మాస్టారు చదివినప్పుడు నేను తీసుకున్న రాత, బర్మింగ్‌హామ్ ముద్ర ఫోటో, కలెక్టరేట్ కాగితం, మావయ్య చెప్పిన దొర కథ. ఆ ఎస్టేటు వారసులకి కూడా సంగతంతా ఉత్తరం రాసి, కావాలంటే పిస్తోలు తిరిగిస్తానని చెప్పాను. ఇంకా జవాబు రాలేదు, ఆ ఉత్తరం నకలూ ఫైల్లోనే ఉంది. కిందటి సంక్రాంతికి కూర్చుని చివరి కాగితం రాశాను, తాతయ్య రాసిన పద్ధతిలోనే.

"పిస్తోలు 1. కురచది. మీట విరిగినది. గొట్టం మీద రాత ఉండేది, 1998లో మెరుగు పెట్టించగా పోయినది. పెట్టించినది గుమాస్తా మనవడు."